ఊ అక్క చివరి కేసు

ఆవిడ కూర్చుంటే కుర్చీకి కుదురుండదు. కుడి మడమ నేలను తడుతూ ఉంటుంది. అది ఆగితే ఎడమది అందుకుంటుంది. రెండూ ఆగాయంటే బొటనవేలు పక్కవేలి గోరు మీద పడుతుంది. అలాంటి మనిషి, నలభై దాటాక, కదలకుండా కూర్చుని ఎదుటివాళ్ళ మాట వినడమే పనిగా ఉండే చదువులో చేరింది. కౌన్సెలింగ్ సైకాలజీలో ఎం.ఎ. చేరిన రోజు, లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త పానాలు తుడుచుకుంటూ, "నువ్వు... గంటసేపు... కూర్చుని... వింటావు," అని ఒక్కో మాటా విడదీసి పలికి, పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

క్లాసులో అందరూ ఆమెకన్నా బాగా చిన్నవాళ్ళు. మొదటి నెల తిరక్కుండానే పేరు పెట్టేశారు, ఊ అక్క అని. ఎవరేం చెప్పినా ఆవిడ నోటి నుంచి ముందు వచ్చేది అదే. పాఠం చెప్పే లెక్చరరు వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటే చాలు, వెనక బెంచీ నుంచి "ఊ" అని వినపడేది. ఒకసారి ఆయన ఆగి, "నేను కథ చెప్పట్లేదమ్మా," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆవిడా నవ్వి, "ఊ," అంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. కరెంటు ఫిర్యాదులు తీసుకునే కాల్ సెంటర్లో ఏళ్ళ తరబడి పని చేస్తోందావిడ. అక్కడ తెర మూలన ఒక ఎర్ర చుక్క ఉంటుంది. అవతలి మనిషి మాట్లాడుతుండగా ఇవతలి నుంచి కాసేపు చప్పుడు లేకపోతే అది వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారికీ నెలాఖరున సంజాయిషీ చెప్పుకోవాలి. ఊ అంటే చుక్క ఆరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందండీ అంటే ఊ. ఫ్రిజ్‌లో మా నాన్న మందులున్నాయండీ అంటే ఊ. ఒకరోజు ఒకాయన, "అసలు మీరు మనుషులేనా?" అని అడిగాడు. దానికీ ఊ అనేసింది. అన్నాక హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు దాన్నే చూసింది. వింటున్నట్టు నటించడం ఇంత బాగా వచ్చాక, నిజంగా వినడం నేర్పేచోటు ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటూ ఈ చదువులోకి వచ్చింది.

చదవడం, పరీక్షలు రాయడం వరకు ఆవిడకి ఇబ్బంది లేదు. ఉదయం షిఫ్టు చేసుకుని మధ్యాహ్నం క్లాసులకి పరుగెత్తింది, బస్సులో నిలబడే పుస్తకాలు తిప్పింది. అసలు చిక్కు చివరి ఏడాదిలో వచ్చింది. పట్టా కావాలంటే మనుషుల ముందు కూర్చున్న గంటలు చూపించాలి. ఎదురుగా కుర్చీలో మనిషి ఉంటేనే అది గంట. ఆ మనిషి రాకపోతే, నువ్వు వచ్చి ఎంతసేపు కూర్చున్నా అది గంట కాదు. ప్రతి సెషన్నీ, ఆ మనిషి ఒప్పుకుంటే, రికార్డు చేయాలి. సూపర్‌వైజర్ విని సంతకం పెట్టాలి. వీటన్నిటి మీదా ఒక పెద్ద కేసు ఉంటుంది. ఒకే మనిషిని మొదటి నుంచి చివరి వరకు వరసగా చూడాలి. ప్రతి సెషనూ ముప్పావుగంట దాటాలి. దాటకపోతే అది సగం సెషను, సగం సెషను లెక్కలోకి రాదు.

ఈ నిబంధనలు చెడ్డవని ఎవరూ అనరు. మనిషి మనసుతో పని చేసేవాళ్ళకి ఆ మాత్రం శిక్షణ ఉండాల్సిందే. కానీ రాయని నిబంధన ఒకటుంది, అది మాత్రం ఏ కాలేజీ గోడ మీదా కనపడదు: ఏడాదిపాటు జీతం లేకుండా పని చేయగల స్థోమత ఉండాలి. ఉన్నవాళ్ళకి గంటలు వానలా కురుస్తాయి. ఊ అక్క క్లాసులో ఒకమ్మాయికి 'గంటల రాణి' అని పేరు. వాళ్ళ పిన్నికి సొంత క్లినిక్కు ఉంది, వచ్చేవాళ్ళకి కొదవ లేదు, ఏడాది సగంలోనే గంటలన్నీ నిండిపోయాయి. పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు, మంచిదే, తన గంటల్లో కొన్ని ఇచ్చే వీలుంటే ఇచ్చేసేది కూడా. లేనివాళ్ళు మాత్రం కాలేజీవాళ్ళు నడిపే ఉచిత క్లినిక్కు ముందు నిలబడి, ఇవాళ మన మనిషి వస్తాడా రాడా అని మెట్ల వైపు చూస్తుంటారు. అక్కడికి వచ్చేవాళ్ళూ లేనివాళ్ళే. లేనివాళ్ళ బాధల మీద పని నేర్చుకుని, నేర్చుకున్నాక ఉన్నవాళ్ళ వీధిలో బోర్డు కట్టడం ఈ చదువులో మామూలైపోయింది. దాన్ని ఎవరూ తప్పు అనుకోవడం మానేశారు.

ఊ అక్క మొదటి పెద్ద కేసు మధ్యలోనే తెగిపోయింది. ఆ పెద్దాయన ఇల్లు మారి వెళ్ళిపోయాడు. కాలేజీవాళ్ళు ఒక టర్ము పొడిగింపు ఇచ్చారు. రెండోసారి ఇవ్వరు. ఈసారీ కేసు పూర్తి కాకపోతే చివరి ఏడాది మొత్తం మొదటి నుంచి చేయాల్సిందే. కాల్ సెంటర్లో షిఫ్టులు మార్చుకోవడానికి ఎవరెవరి కాళ్ళు పట్టుకుందో ఆవిడకే తెలుసు. ఇంకో ఏడాది పట్టుకోవడానికి కాళ్ళు మిగల్లేదు.

అప్పుడు వచ్చింది మూతలమ్మాయి.

క్లినిక్కు టైర్ల షాపు మీద రెండో అంతస్తులో ఉంటుంది. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. గదిలో రెండు కుర్చీలు, మధ్యన చిన్న బల్ల, దాని మీద రికార్డరు, ఒక మంచినీళ్ళ సీసా. వచ్చిన మనిషి తల వెనక గోడకి గడియారం. చూస్తున్నట్టు తెలియకుండా చూడ్డానికి అలా పెట్టారు.

"మూతల సెక్షనండీ నాది," అంటూ కూర్చుంది ఆ అమ్మాయి. కూల్‌డ్రింకుల కంపెనీలో సీసాలకి మూతలు బిగించే లైను. మనిషి సన్నగా పొడుగ్గా ఉంది, ముప్పైలోపే వయసు. "మెషీను బిగిస్తుంది, కానీ అది సరిగ్గా బిగించలేదేమోనని నేను మళ్ళీ బిగించాలి. రోజంతా అదే. నిద్రలో కూడా చేతులు తిరుగుతున్నాయి. మా అమ్మ పక్కలో పడుకుంటే దాని ముక్కు తిప్పేశాను ఒకసారి. కంపెనీ నర్సు ఇక్కడికి పొమ్మంది."

"ఊ," అంది ఊ అక్క.

మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ అమ్మాయి బల్ల మీది సీసా మూత బిగించేసింది. ఆమె వెళ్ళాక ఊ అక్క నీళ్ళు తాగుదామంటే మూత రాలేదు. రిసెప్షన్‌లో కూర్చునే ఆయన ప్రయత్నించాడు, కింద టైర్ల షాపు కుర్రాడు ప్రయత్నించాడు. చివరికి సీసా పారేశారు. అప్పట్నుంచి ఆ అమ్మాయి వచ్చే రోజున రిసెప్షన్ ఆయన గ్లాసులో నీళ్ళు పోసి పెట్టేవాడు.

వారాలు గడిచాయి. ఆ అమ్మాయి మాటల్లోంచి మెల్లగా ఒక మనిషి బయటికి వచ్చాడు, లైను మేస్త్రీ. ఎప్పుడూ వెనకే నిలబడతాడట. ఎవరు బాత్రూంకి వెళ్ళినా చేతి గడియారం చూసుకుంటాడట. "చెయ్యి వెయ్యడు, మాట అనడు. అంటే అందరికీ చెప్పుకుందును. వెనక నిలబడి ముక్కుతో ఊపిరి తీస్తాడంతే. అది నా మెడ మీద పడుతుంది. ఊపిరి మీద కంప్లైంటు ఎలా ఇస్తాను చెప్పండి?"

"ఊ."

"మిమ్మల్ని మేడమ్ అంటే నోరు తిరగట్లేదు. అక్కా అంటాను, ఏమనుకోకండి."

దాని మీద సూపర్‌వైజర్ దగ్గర చిన్న పంచాయితీ నడిచింది. సూపర్‌వైజర్ మేడమ్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. రికార్డింగ్ ఆపి, "ఆవిడ మిమ్మల్ని అక్కా అంటోంది. మీరు ఆపలేదు," అంది.

"ఆపితే మాటే ఆపేస్తుంది మేడమ్."

"వరస కలిపితే హద్దు చెరిగిపోతుంది."

"కలపకపోతే నోరే పెగలదు మేడమ్ మనవాళ్ళకి. మరి ఏమని పిలవమంటారు నన్ను? ట్రైనీ గారూ అనా?"

సూపర్‌వైజర్ మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "దీనికి పుస్తకంలో జవాబు లేదు."

"రాసినాయనకి అక్కలు లేరేమో."

మేడమ్ నవ్వు ఆపుకుంది కానీ, కాగితం మీద 'హద్దులు గమనించాలి' అని రాసింది. దాని కిందనే, 'బాగా వింటున్నారు, చిన్న శబ్దాలతో మాట్లాడించడం తెలుసు' అని రాసి టిక్కు పెట్టింది. పుస్తకంలో దీనికో అధ్యాయమే ఉంది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే పెదవి విప్పకుండా చిన్న చప్పుడు చేస్తే, వాళ్ళకి ధైర్యం వచ్చి ఇంకా చెబుతారట. ఆ అధ్యాయం చదివిన రోజు ఊ అక్క సంతోషపడింది. హమ్మయ్య, ఇది నాకొచ్చు అనుకుంది.

కేసులో చివరి నాలుగైదు సెషన్లు మిగిలాయి. టర్ములో మిగిలిన వారాలూ అన్నే. ఒక్కటి పోయినా పూడ్చడానికి వారం లేదు. ఊ అక్క మడమలు ఇంట్లో కూడా ఆగడం మానేశాయి. వంటింట్లో గట్టు ముందు నిలబడి కూర తరుగుతూ కూడా పాదాలు మారుస్తూనే ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం క్లినిక్కు మెట్లెక్కేసరికి రిసెప్షన్ ఆయన చెయ్యెత్తి పిలిచాడు. "మీ మూతలమ్మాయి ఫోన్ చేసిందండీ. పని మానేసిందట. అక్క చెప్పినట్టే చేశానని చెప్పమంది. శుక్రవారం మామూలుగానే వస్తుందట." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "మీరు మానెయ్యమన్నారా ఏంటి? సలహాలు చెప్పకూడదంటారుగా మీ చదువులో."

"నేనా? నేనెందుకంటాను?"

"ఏమో. అమ్మాయి మాత్రం మంచి హుషారుగా చెప్పింది."

ఊ అక్క ఖాళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, కిందటి సెషను రికార్డింగ్ పెట్టుకుంది. కూర్చుని వినలేకపోయింది. కిటికీకీ తలుపుకీ మధ్య నడుస్తూ వింది. మేస్త్రీ గురించి, అమ్మ మోకాళ్ళ గురించి, కొత్తగా వచ్చిన యూనిఫాం గుచ్చుకోవడం గురించి. అన్నిటికీ మధ్యలో తన గొంతు, ఊ, ఊ, ఊ. తర్వాత ఆ అమ్మాయి గొంతు నీరసంగా వినిపించింది: "ఇంక నావల్ల కాదక్కా. మానేస్తే పీడా పోతుంది." గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. "మానెయ్యనా?"

"ఊ."

వెనక్కి తిప్పి మళ్ళీ వింది. మళ్ళీ అదే. సాగదీసింది కాదు, ప్రశ్నలా పైకి లేచిందీ కాదు. గట్టిగా, పొట్టిగా, సరేనన్నట్టే ఉంది. ఆ వెంటనే ఆ అమ్మాయి పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. బరువు దించుకున్న మనిషి ఊపిరి.

ఊ అక్క నడక ఆగిపోయింది. ఆ క్షణం ఏం చేస్తూ ఉందో గుర్తొచ్చింది. గడియారం చూస్తోంది. ముప్పావుగంట దాటిందా అని చూస్తోంది. దాటింది. హమ్మయ్య అనుకుంటూ ఊ అంది.

మన భాషలో దీనికి మించిన చిన్న మాట లేదు, ఇంత బరువు మోసే మాటా లేదు. కథ వింటున్నానని చెప్పడానికి ఊ. సరే కానీ అనడానికి ఊ. ఏదీ ముందుకి కదులు అనడానికీ ఊ. అమ్మ ఊ అంటే పిల్ల సినిమాకి వెళ్తుంది, మామగారు ఊ అంటే పెళ్ళి కుదురుతుంది. పెదవి విప్పని చప్పుడుకి అర్థం ఉండదని ఎక్కడో ఎవరో ఇంకో భాషలో రాసిన పుస్తకాన్ని తెచ్చి, ఈ గదిలో, ఈ నోటికి నేర్పించారు. నేర్పినవాళ్ళకీ తట్టలేదు, నేర్చుకున్నావిడకీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు మంచం మీద కూర్చుని తన నడుంనొప్పి చరిత్ర మొదలుపెట్టింది. రోజూ అదే వేళకి మొదలవుతుంది. కోడలి వైపు నుంచి చప్పుడు లేకపోయేసరికి ఆగింది.

"ఏం అమ్మాయ్, ఊ కొట్టవేం?"

"వింటున్నానత్తయ్యా."

"వింటే వినపడాలిగా నాకు. గోడకి చెప్పుకున్నట్టుంది."

"వింటున్నాను అని చెబుతున్నాగా."

"అంత పొడుగు మాట ఎందుకు, ఊ అంటే పోయేదానికి," అని కొడుకు వైపు తిరిగింది. "ఏరా, మీ ఆవిడకి గొంతు పట్టేసిందా?"

భర్త ఆమె కాళ్ళవైపు చూశాడు. రెండు మడమలూ ఒకేసారి ఆడుతున్నాయి. తర్వాత వంటింట్లోకి వచ్చి అడిగాడు. ఆవిడ మొత్తం చెప్పింది. ఆయన విని, గట్టు మీద పిడికిలి ఆనించి నిలబడ్డాడు.

"ఆ అమ్మాయికి చెబితే?"

"నా మాట మీద ఉన్న నమ్మకం పోతుంది. లేచి వెళ్ళిపోతుంది. కేసు మధ్యలో తెగితే నా ఏడాది పోతుంది."

"చెప్పకపోతే?"

"సంతోషంగా ఉందట. ఏమో, మానేయడమే మంచిదేమో. ఆ మేస్త్రీ దగ్గర ఎన్నాళ్ళని..."

"నువ్వు నాకు చెబుతున్నావా, నీకు నువ్వు చెప్పుకుంటున్నావా?"

ఆవిడ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

మర్నాడు సూపర్‌వైజర్ మేడమ్ దగ్గరికి చివరి పరీక్షకి వినిపించాల్సిన రికార్డింగ్ పట్టుకెళ్ళాలి. ఏ సెషను వినిపించాలో ఎంచుకునే హక్కు విద్యార్థిది. ఊ అక్క ఆ ఊ ఉన్నదాన్ని వదిలేసి, అంతకు ముందుదాన్ని తీసుకెళ్ళింది. మేడమ్ విని, తలూపి, "బాగుంది. మిగిలిన సెషన్లు ఇలాగే నడిస్తే అయిపోయినట్టే. ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగింది.

"ఏం లేదు మేడమ్."

మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉండాల్సింది. లేవు. బస్టాపు దాటి నడిచేసి, ఇంకో బస్టాపు కూడా దాటి నడిచింది.

శుక్రవారం మూతలమ్మాయి మామూలు వేళకే వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, కానీ కళ్ళ కింద నలుపు పోలేదు. కూర్చోగానే గ్లాసు అందుకుని, మూత లేదు కాబట్టి దాని అంచునే వేళ్ళతో తిప్పడం మొదలుపెట్టింది.

"మానేశానక్కా. ముందు మూడు రోజులు హాయిగా ఉంది. ఇప్పుడు మళ్ళీ నిద్ర లేదు. మా అమ్మ రోజూ అడుగుతోంది, మరి ఇల్లెలా గడుస్తుందే అని. నేనేమో, చదువుకున్న మనిషి ఊ అంది, ఊరికే అనదుగా, ఏదో ఆలోచించే అనుంటుంది అని చెబుతున్నాను. అలా చెబుతుంటే నాకూ ధైర్యంగా ఉంటోంది." గ్లాసు ఆగింది. "కంపెనీ ఆఫీసులో అమ్మాయి మాత్రం, ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేలోగా వచ్చి మనసు మార్చుకున్నానని చెబితే రాజీనామా కాగితం చింపేస్తానంది. సోమవారం అయితే పైకి వెళ్ళిపోతుందట. నేనెందుకొస్తాను, మా అక్క ఊ అన్నాక, అన్నాను."

రికార్డరు మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. ఊ అక్క దాన్ని చూసింది. కాల్ సెంటర్లో అయితే ఏదో ఒక చప్పుడు చేసి ఆర్పేసేది. ఇది చప్పుడు చేస్తే ఆరే లైటు కాదు.

"ఒక మాట చెప్పాలి," అంది. "నేను మానెయ్యమనలేదు."

"అదేంటక్కా. ఊ అన్నారుగా."

"అన్నాను. రికార్డింగ్ విన్నాను. కానీ అది వింటున్నాను అనే ఊ. సరే అనే ఊ కాదు."

"ఊలో రకాలుంటాయా?"

"ఉన్నాయి. నాకే తెలియలేదు."

మూతలమ్మాయి గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టిన తీరుకి నీళ్ళు చిమ్మాయి. "అప్పుడేం ఆలోచిస్తున్నారు మరి? నేను అంత మాట అడిగినప్పుడు?"

అబద్ధానికి చాలా చోటుంది అక్కడ. ఊ అక్క వాడుకోలేదు. "గడియారం చూస్తున్నాను. ముప్పావుగంట దాటితేనే నాకు లెక్క. దాటిందా అని చూస్తున్నాను."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, తన తల వెనక ఇన్నాళ్ళూ ఉన్న గడియారాన్ని మొదటిసారి చూసింది. చాలాసేపు చూసింది.

"మా మేస్త్రీ కూడా వెనకే నిలబడి గడియారం చూస్తాడు మేడమ్."

అక్కా పోయి మేడమ్ వచ్చింది.

"మీ మాట మీద నేను అమ్మతో పోట్లాడాను. మీ మాట కూడా కాదు, మీ చప్పుడు మీద."

"అవును."

"మీ చప్పుడు ఒక్కదాని వల్లే మానెయ్యలేదు, నిజమే. మానెయ్యాలని ఎప్పట్నుంచో ఉంది. కానీ ఆ చప్పుడు లేకపోతే ఆ రోజు మానేసేదాన్ని కాదు. ఇంకో చోటేదైనా చూసుకుని, అమ్మకి చెప్పి, అప్పుడు మానేసేదాన్ని. నా పద్ధతిలో."

"అవును. ఆ పద్ధతి మీది. దాన్ని నేను పాడుచేశాను."

బయట టైర్ల షాపులో గాలి కొట్టే మెషీను గట్టిగా మొత్తుకుని ఆగింది. ఆ అమ్మాయి లేచి నిలబడి మళ్ళీ గడియారం చూసింది. ఈసారి సొంత పనికోసం.

"ఇప్పుడు బయల్దేరితే ఆఫీసు మూసేలోపు అందుకుంటాను," అంది, తనలో తాను. తర్వాత రికార్డరు వైపు, ఊ అక్క వైపు చూసింది. కోపం తగ్గలేదు కానీ లెక్క అర్థమైంది. "ముప్పావుగంట కాలేదుగా ఇంకా. నేను వెళ్తే మీకు ఇది పోతుందా?"

"అది నా సంగతి."

"పోతుందా?"

"పోతుంది."

"కాసేపేగా. కూర్చోమంటారా?"

కౌన్సెలింగ్ నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజు చెప్పే మాట, సలహా ఇవ్వకూడదని. ఇలా చెయ్యి, అలా చెయ్యకు అనకూడదు. ఊ అక్క రెండు మడమలూ నేల మీద కదలకుండా ఉన్నాయి. ఈ చదువు మొదలుపెట్టాక అవి అలా ఉండడం అదే మొదలు.

"వెళ్ళండి," అంది. "త్వరగా వెళ్ళండి."

చెప్పులు మెట్ల మీద టపటపలాడుతూ దిగిపోయాయి. ఊ అక్క ఖాళీ కుర్చీ ముందు కూర్చుని, ముప్పావుగంట అయ్యేదాకా రికార్డరు ఆపలేదు. ఎందుకో ఆమెకే తెలియదు. తర్వాత దాన్ని తీసుకుని నేరుగా సూపర్‌వైజర్ మేడమ్ గదికి వెళ్ళి, "మొన్న ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. ఉంది మేడమ్," అంది.

మేడమ్ రెండు రికార్డింగులూ వింది. వినడం అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇక్కడ మీరు సలహా ఇచ్చారు."

"రెండు చోట్ల ఇచ్చాను మేడమ్. మొదటిది తెలియకుండా."

"రెండోది తెలిసే ఇచ్చారు."

"అవును."

"ఈ సెషను పూర్తి కాలేదు. కేసు లెక్కలోకి రాదు. నేను సంతకం పెట్టలేను."

"తెలుసు మేడమ్."

మేడమ్ పాత కాగితాలు వెనక్కి తిప్పి ఒక చోట ఆగింది. "ఆ కిందటి సెషను నేను అప్పుడే విన్నాను. ఆ ఊ నాకూ వినపడింది. చూడండి, దాని పక్కన టిక్కు పెట్టాను." తన చేతిరాత మీద వేలు పెట్టింది. "నాకు నేర్పినవాళ్ళూ ఇలాగే టిక్కులు పెట్టారు. ఈ అధ్యాయం మనకి పనికిరాదని పై కమిటీకి రాస్తాను."

"ముప్పావుగంట సంగతి కూడా రాయండి మేడమ్. గడియారం చూస్తూ వినడం ఎవరివల్లా కాదు. జీతం లేకుండా ఏడాది చేయించుకుంటూ, పైన నిమిషాలు కూడా లెక్కపెడితే, మనుషులు కుర్చీలో ఉన్నది మనిషా గంటా అన్నది మర్చిపోతారు. నేను మర్చిపోయాను."

"రాస్తాను. కానీ మీ కేసుకి అది ఉపయోగపడదు."

"నా తర్వాత వచ్చేవాళ్ళకి పడుతుందిగా."

ఇంట్లో భర్తకి ఒకే మాట చెప్పింది. "మళ్ళీ ఏడాది."

ఆయన తల గోక్కున్నాడు. "మధ్యలో ఆగిన లిఫ్టుని ముందు కిందకి దించుతాం మేము. దించితేనే మళ్ళీ పైకి వెళ్తుంది," అని, వెంటనే, "మా అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాడు.

తర్వాతి శుక్రవారం ఊ అక్కకి క్లినిక్కుతో పని లేదు. అయినా వెళ్ళింది. ఆ వేళకి ఆ కుర్చీలు ఖాళీయేనా అని రిసెప్షన్ ఆయన్ని అడిగి, గదిలో కూర్చుంది. మెట్ల వైపు చెవి పెట్టింది. మడమలు మళ్ళీ మొదలయ్యాయి. గడియారం గోడ మీద నుంచి తీసి బల్ల మీద, ఇద్దరికీ కనపడేలా పెట్టింది. వేళ దాటింది. ఇంకా దాటింది. లేచి కిటికీ తెరిచింది, మళ్ళీ మూసింది.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. ఒంటి మీద యూనిఫాం, చీర కాదు. మోచేతుల దాకా నీళ్ళలో నాని చర్మం ముడతలు పడి ఉంది.

"కాగితం చింపేశారు. కానీ మూతల్లోకి తీసుకోలేదు. సీసాలు కడిగే సెక్షన్లో వేశారు. చల్లనీళ్ళు, నిలబడాలి," అంటూ కూర్చుంది. "ఇంకో పని చూసుకుంటున్నాను. దొరికాక మానేస్తాను. ఈసారి ఎవర్నీ అడగను."

"అడగక్కర్లేదు."

ఆమె బల్ల మీద చూసింది. "రికార్డరేది?"

"ఇవాళ అక్కర్లేదు."

"అంటే ఇది మీకు లెక్కలోకి రాదా?"

"రాదు."

"మరెందుకొచ్చారు?"

"మీరొస్తారేమోనని."

మూతలమ్మాయి వేళ్ళు ఖాళీ బల్ల మీద గుండ్రంగా తిరిగాయి, తిరిగి ఆగాయి. ఊ అక్కని చాలాసేపు చూసింది. కోపం ఎక్కడో ఇంకా ఉంది, కానీ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

"ఊ," అంది.

ఊ అక్క ముందుకి వంగింది. "ఏ ఊ?"

ఆ అమ్మాయి మొహంలో నవ్వు రాబోయి ఆగింది. "వెళ్ళిపొమ్మనే ఊ కాదు," అంది. "మొదలుపెడతాను, వినండి. మధ్యలో ఏమీ అనకండక్కా."